సూదిని నమ్ముకొన్న బెట్సీ రాస్

మునుపు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇండ్లలో దుప్పటి మూల తిప్పి చూచిన యెడల చాకలి నల్లజీడితో పెట్టిన గుర్తు కనబడెడిది. పలు ఇండ్ల బట్టలు ఒక్క రేవున కలిసినను ఎవరివి వారికి చేరెడివి. అమెరికా తొలినాటి గృహిణులు ఆ గుర్తును సూదితోనే వేసికొనిరి. నారబట్ట దుప్పట్లకును, గలేబులకును చేతితో అంచులు కుట్టి, మూలను ఎర్రదారముతో పేరు పొడి అక్షరములను, వరుస అంకెను వేసెడివారు. అంకె చొప్పున వంతులుగా వాడుటచే అన్నియు సమానముగా మన్నెడివి. ఆడపిల్లలు అక్షరములు దిద్దుకొన్నదియు ఈ కుట్టుతోనే.

అట్టి కాలమున, 1752 జనవరి 1న, ఎలిజబెత్ గ్రిస్కం జన్మించెను. ఆమెయే బెట్సీ రాస్. వడ్రంగి తండ్రికి పదునేడుగురు బిడ్డలు, ఈమె ఎనిమిదవది. ఫిలడెల్ఫియాలో పరుపులు, మంచపు తెరలు కుట్టువాని యొద్ద పని నేర్చుకొని, తోటి పనివాడైన జాన్ రాస్‌ను 1773లో పెండ్లాడెను. అతడు వేరొక సంఘమువాడగుటచే క్వేకరు సంఘము ఆమెను వెలివేసెను. 1776లో భర్త మరణించెను. రెండవ భర్త నావికుడు. ఆంగ్లేయుల చెరలో 1782లో కన్నుమూసెను. ఆ వార్త తెచ్చిన తోటి ఖైదీ జాన్ క్లేపూల్‌ను మరుసటి యేట పెండ్లాడెను. అతడును 1817లో గతించెను. ఇన్ని దుఃఖములలోను ఆమె సూది విడువలేదు. 1827 వరకు పనిచేసి, 1836లో మరణించెను.

అమెరికా మొదటి జెండా ఈమెయే కుట్టెనన్న కథ 1870లో మనుమడు చెప్పినది. దానికి ఆనాటి ఆధారము లేదు. అయితే 1777లో ఓడల జెండాలు కుట్టినందుకు కూలి పుచ్చుకొన్నట్లు లెక్క యున్నది. మాకు ఆ కథకంటె ఈ కూలి లెక్కయే విలువైనదిగా తోచుచున్నది.

మన నరసాపురములో 1844లో మిషనెరీలు లేసు అల్లిక నేర్పిరి. నాటినుండి ఎందరో స్త్రీలు ఆ పనితో బిడ్డలను పోషించిరి. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. అల్లిన చేతుల పేర్లు మాత్రము దానిపై లేవు. యొప్పేలో దొర్కా కుట్టిన బట్టలను విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపిరి. ఆమె పేరును నిలిపినది వారి కృతజ్ఞతయే. మన ఇంట దుప్పటి కుట్టిన తల్లి పేరును బిడ్డలకు చెప్పుచున్నామా?