కంటికి కనబడని పనికి పూచీ.. ఎర్ల్ హాలిబర్టన్

హ్యూస్టన్, కేటీ, షుగర్‌ల్యాండ్ ప్రాంతాల్లో మనవాళ్లు నలుగురు కలిసిన చోట చమురు రంగంలో పనిచేసేవారు ఒకరిద్దరైనా ఉంటారు. వారిలో సర్వీసు కంపెనీల వాళ్లుంటే మాటల్లో ఏదో ఒక సందర్భంలో ‘క్యూ2’ ప్రస్తావన వస్తుంది. చమురు, గ్యాస్ బావుల దగ్గర సేవలందించే కంపెనీల కోసం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన నాణ్యతా ప్రమాణం అది. ఆడిట్ దగ్గర పడిందంటే ఫైళ్లు, సంతకాలు, రాత్రి దాకా ఆఫీసు. ఇదంతా కాగితాల గోల అని విసుక్కునేవారూ ఉన్నారు.

ఆ కాగితాల వెనకున్న ప్రశ్న మాత్రం వందేళ్ల కిందటిది. భూమి లోపల, ఎవరి కంటికీ కనబడని చోట చేసిన పని సరిగ్గా జరిగిందని నమ్మేదెలా? ఈ ప్రశ్నను పట్టుకుని మిక్సింగ్ పెట్టె, కంచర గాడిదల బండితో మొదలుపెట్టి ప్రపంచంలోనే పెద్ద సర్వీసు కంపెనీల్లో ఒకదాన్ని నిలబెట్టిన మనిషి ఎర్ల్ పామర్ హాలిబర్టన్. ఆయన పేరు మనలో చాలామందికి ఒక కంపెనీ బోర్డుగానే తెలుసు. ఆ బోర్డు వెనక మనిషి కథ తెలుసుకోదగ్గది.

14 ఏళ్లకే బతుకుదెరువు

టెనెసీ రాష్ట్రంలోని హెన్నింగ్ దగ్గర 1892 సెప్టెంబరు 22న ఎర్ల్ పుట్టారు. పెద్ద కుటుంబం. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయారు. పద్నాలుగేళ్లకు ఇల్లు విడిచి పనుల వేటలో పడ్డారు. దొరికిన పనల్లా చేశారు. 1910లో అమెరికా నౌకాదళంలో చేరారు. మోటార్లు, పంపులు, నీటి ఒత్తిడితో నడిచే యంత్రాల గురించి అక్కడ నేర్చుకున్నది ఆ తర్వాత జీవితమంతా అక్కరకొచ్చింది.

నౌకాదళం నుంచి బయటికొచ్చాక కాలిఫోర్నియా చేరారు. అక్కడ ఆల్మండ్ పెర్కిన్స్ అనే ఆయన చమురు బావులకు సిమెంటు పట్టించే కంపెనీ నడుపుతుండేవారు. ఎర్ల్ అందులో ఉద్యోగానికి చేరారు. పని ఒంటబట్టింది కానీ ఉద్యోగం నిలవలేదు. తీసేశారు. ఆ కంపెనీలో చేరడమూ, అక్కడి నుంచి వెళ్లగొట్టించుకోవడమూ రెండూ తనకు మేలే చేశాయని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారట.

బావికి సిమెంటు ఎందుకు?

చమురు కోసం తవ్వే బావి మన ఊరి బావిలా ఉండదు. వేల అడుగుల లోతుకు సన్నటి రంధ్రం వేసి, అందులోకి ఉక్కు పైపు దింపుతారు. దాన్నే కేసింగ్ అంటారు. ఆ పైపుకీ, చుట్టూ ఉన్న రాతికీ మధ్య సందు మిగులుతుంది. ఆ సందును మూయకపోతే పై పొరల్లోని నీరు చమురులోకి దిగుతుంది. లేదంటే అడుగున ఉన్న గ్యాస్ ఆ దారినే పైకి తన్నుకొస్తుంది. అందుకే సిమెంటు పాలను పైపు లోపలి నుంచి అడుగుకు తోసి, బయటి సందులోకి పైకి ఎక్కించి గట్టిపడనిస్తారు.

మాలు పలచనైతే గోడకు పట్టుండదని ఏ తాపీమేస్త్రిని అడిగినా చెబుతాడు. గోడకైతే పగులు కనబడుతుంది, మళ్లీ పూయొచ్చు. బావిలో పోసిన సిమెంటును ఎవరూ వెళ్లి చూడలేరు. తప్పు జరిగితే అది బయటపడేది చమురులో నీరు కలిసినప్పుడో, బావి అదుపు తప్పినప్పుడో. సర్వీసు కంపెనీ అమ్మేది వస్తువు కాదు, ఇలాంటి పని. వస్తువైతే గోదాములోనే పరీక్షించి పక్కన పెట్టొచ్చు. పని జరిగిపోయాక దాన్ని వెనక్కి తీసుకోలేం.

తాకట్టులో పెళ్లి ఉంగరం

1919లో ఎర్ల్ భార్య వైడాతో టెక్సాస్‌లోని బర్క్‌బర్నెట్ చమురు క్షేత్రానికి చేరారు. చేతిలో డబ్బు లేదు. బండి, కంచర గాడిదలు, పంపు అన్నీ ఎరువు సరుకే. సిమెంటు కలపడానికి ఒక చెక్క పెట్టె. ‘న్యూ మెథడ్ ఆయిల్ వెల్ సిమెంటింగ్ కంపెనీ’ అని పేరు పెట్టుకున్నారు. పనిచ్చేవారే లేరు. బంగారంలాంటి బావిలో సిమెంటు పోసి ఎక్కడ పూడ్చేస్తాడోనని యజమానులకు భయం. వైడా పెళ్లి ఉంగరం తాకట్టుకు వెళ్లింది ఆ రోజుల్లోనే.

టెక్సాస్‌లో పని దొరక్క పక్కనున్న ఓక్లహోమాకు వెళ్లారు. 1920 జనవరిలో విల్సన్ పట్టణం దగ్గర డబ్ల్యూ.జి.స్కెల్లీ అనే చమురు వ్యాపారి బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మింది. అదుపు తప్పిన బావి ఎలా ఉంటుందో కోనసీమవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయినప్పుడు ఆ మంట 65 రోజుల పాటు కొబ్బరితోటల మధ్య మండుతూనే ఉంది. దాన్ని ఆర్పడానికి హ్యూస్టన్ నుంచి కూడా నిపుణులు వెళ్లారు. విల్సన్‌లో ఎర్ల్ సిమెంటుతోనే బావిని అదుపులోకి తెచ్చారు. అక్కడి నుంచి పిలుపులు మొదలయ్యాయి. 1921లో డంకన్ పట్టణానికి మకాం మార్చారు. అప్పటి నుంచి దశాబ్దాల పాటు ఆయన కంపెనీకి డంకనే పుట్టిల్లు.

చేతివాటం పోయి కొలత వచ్చింది

ఆ రోజుల్లో కూలీలు సిమెంటు బస్తాలు విప్పి, నీళ్లు పోసి, పారలతో కలిపేవారు. ఒక పెట్టె చిక్కగా, ఒక పెట్టె పలచగా వచ్చేది. పైగా మొత్తం కలిపేలోగా ముందు కలిపింది బిగుసుకోవడం మొదలయ్యేది. ఎర్ల్ దీనికి జెట్ మిక్సర్ కనిపెట్టారు. గరాటులోంచి పడే పొడి సిమెంటును వేగంగా దూసుకొచ్చే నీటిధార అక్కడికక్కడే కలిపేస్తుంది. నీటిని, పొడిని అదుపు చేస్తే మిశ్రమం చిక్కదనం మన చేతిలో ఉంటుంది. పని వేగం పెరిగింది. అంతకన్నా ముఖ్యంగా మొదటి బస్తాకీ చివరి బస్తాకీ తేడా తగ్గింది.

బావిలోకి నీరు రాకుండా ఆపే పద్ధతికి 1921 మార్చి 1న పేటెంటు వచ్చింది. కంచర గాడిదల బండి పోయి ట్రక్కు మీద పంపులు వచ్చాయి. బావి లోపల సిమెంటు ఏ లోతున ఉందో ఉక్కుతీగ దింపి కొలిచే పరికరాన్నీ తయారుచేశారు. చూపు చేరని చోటికి కొలతను పంపడం ఆయన పద్ధతి. నాణ్యతా ప్రమాణాల భాషలో ఇప్పుడు ప్రక్రియ నియంత్రణ అని చెప్పేది ఇదే. ఆయనకు ఆ మాట తెలియకపోవచ్చు, ఆ పని తెలుసు.

1924లో కంపెనీని ‘హాలిబర్టన్ ఆయిల్ వెల్ సిమెంటింగ్ కంపెనీ’గా మార్చినప్పుడు ఏడు పెద్ద చమురు కంపెనీలు వాటాలు కొన్నాయి. ఎక్కువ వాటా మాత్రం భార్యాభర్తల చేతిలోనే ఉంది. నిన్నటి దాకా అనుమానంగా చూసిన ఖాతాదారులే భాగస్వాములయ్యారు. 1926లో కంపెనీ తొలి విదేశీ బేరం కుదిరింది. బర్మా, భారతదేశాల్లో పనిచేసే ఒక ఇంగ్లిష్ కంపెనీకి సిమెంటింగ్ యంత్రాలు అమ్మారు. అంటే అమెరికా బయట ఆ యంత్రాలు ముందుగా వెళ్లిన చోట్లలో మన దేశమూ ఒకటి.

విమానాలు, పెట్టెలు, సముద్రం

ఎర్ల్‌ది కుదురుగా ఒకచోట కూర్చునే స్వభావం కాదు. 1929లో టల్సా కేంద్రంగా ‘సేఫ్‌వే’ పేరుతో విమాన సర్వీసు నడిపి, మరుసటి ఏడాది అమ్మేశారు. అది తర్వాత అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. చమురు క్షేత్రాల దుమ్ములో తిరిగి తిరిగి తోలుపెట్టెలు పాడవుతుంటే, దుమ్ము చొరని అల్యూమినియం పెట్టె చేయమని 1938లో తన ఇంజినీర్లకు పురమాయించారు. ఆ పెట్టెల వ్యాపారం 1952లో చేతులు మారింది. 

1938లోనే కంపెనీ లూసియానా తీరంలో బార్జి మీద యంత్రాలు పెట్టి సముద్రపు బావికి సిమెంటు పట్టించింది. 1949 మార్చి 17న ఓక్లహోమా, టెక్సాస్‌లలో తొలి వాణిజ్య హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ పనులు చేసింది. ఎర్ల్ మొండిమనిషి. పేటెంట్ల మీద కోర్టుకెళ్లడానికి వెనకాడేవారు కాదు. 1946లో ఒక పేటెంటు వివాదంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. 1957 అక్టోబరు 13న లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు.

సిమెంటు మంచిదైతే చాలదు

ఎర్ల్ కంచర గాడిదల బండి కట్టిన 1919లోనే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ కూడా పుట్టింది. 1924 నుంచి అది పరికరాలకు ప్రమాణాలు రాయసాగింది. 1937లో బావుల సిమెంటు కోసం కమిటీ వేసింది. 1953లో సిమెంటు తరగతులకు ప్రమాణం వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ‘క్లాస్ జి’, ‘క్లాస్ హెచ్’ ఆ వరసలోవే. 1985లో తయారీదారుల కోసం ‘క్యూ1’ వచ్చింది. ఇవన్నీ సరుకు గురించినవి. ఆ సరుకుతో బావి దగ్గర చేసే పనికి మాత్రం ప్రత్యేక ప్రమాణం చాలాకాలం లేదు.

2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలింది. 11 మంది కార్మికులు చనిపోయారు. 87 రోజుల పాటు మకోండో బావి నుంచి చమురు సముద్రంలోకి పారింది. బావి బీపీది, రిగ్ ట్రాన్స్‌ఓషన్‌ది, సిమెంటు పని ఎర్ల్ పేరు మోస్తున్న కంపెనీది. దాదాపు అదే రకం నురగ సిమెంటు నిలకడగా ఉండదని ముందే ల్యాబ్ పరీక్షల్లో తేలినా, ఆ ఫలితాల మీద బీపీ గానీ సిమెంటు కంపెనీ గానీ కదల్లేదని అధ్యక్షుడు నియమించిన కమిషన్ తేల్చింది. ఆ పరీక్షలు చివరికి వాడిన మిశ్రమానికి సరిపోలవని కంపెనీ వాదించింది. తప్పు ఒక్కరిదే కాదు. బావి సీలు పట్టిందో లేదో చూసే పరీక్షను రిగ్ మీదున్నవారు తప్పుగా చదివారు. ప్రమాదం తర్వాత చేసిన కంప్యూటర్ విశ్లేషణల ఫలితాలను చెరిపేసినందుకు 2013లో హాలిబర్టన్ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుని 2 లక్షల డాలర్ల జరిమానా కట్టింది.

కొలతనే నమ్ముకుని ఎదిగిన పేరు అది. ఆ రోజు కొలత లేక కాదు, కొలిచింది చేరాల్సినవారి చేతికి చేరక, చేరినా పని ఆగక అంత నష్టం జరిగింది. ఎర్ల్ తన కాలంలో బావి దగ్గరే నిలబడేవారు. కలిపేవాడూ, కొలిచేవాడూ, నిర్ణయించేవాడూ ఒకే చోట ఉండేవారు. ఇప్పుడు సిమెంటు కలిపేది సముద్రంలో, పరీక్షించేది ఒక ఊళ్లో, ఆమోదించేది ఇంకో ఊళ్లో. మధ్యలో ఒక ఈమెయిలు ఆగిపోతే ప్రాణాలు పోవచ్చు.

2011 డిసెంబరులో వచ్చిన ‘క్యూ2’ సరిగ్గా ఈ దూరాన్ని పూడ్చే ప్రయత్నం. పనికి ముందే సేవా నాణ్యతా ప్రణాళిక రాసి ఖాతాదారుతో కలిసి చూడాలి. ఏది తప్పు జరగొచ్చో ముందే లెక్కవేయాలి, తప్పితే ఏం చేయాలో రాసి ఉంచాలి. మధ్యలో ఏదైనా మార్చితే ఆ మార్పును పరిశీలించి, ఆమోదించాకే ముందుకెళ్లాలి. పని చేసేవారికి ఆ నైపుణ్యం ఉందని రుజువుండాలి. పంపులకు మరమ్మతులు ఎప్పుడు జరిగాయో, సరుకు ఎవరి దగ్గర కొన్నారో, పరీక్షల ఫలితాలేమిటో దాచి ఉంచాలి. 2021లో దీని రెండో కూర్పు వచ్చింది.

ఈ ప్రమాణం సర్టిఫికెట్ గోడకు తగిలించినంత మాత్రాన బావి భద్రంగా ఉండదు. ఏ ఆడిటరూ భూమిలోకి దిగి చూడలేడు. కాగితం మీద ఉన్నదీ బావిలో జరిగిందీ ఒకటేనని చెప్పగలిగేది ఆ పని చేసిన మనిషే. హ్యూస్టన్‌లో ల్యాబ్ రిపోర్టు చదివే అమ్మాయి కావచ్చు, గల్ఫ్‌లో రిగ్ మీద రాత్రి షిఫ్టు చేసే అబ్బాయి కావచ్చు. అందులో మన పిల్లలూ ఉన్నారు. ఫలితం బాగాలేదని ఫోను చేసి పని ఆపమనడానికి ప్రమాణం వారికి ఒక ఆధారం ఇస్తుంది. ఆపే ధైర్యం మాత్రం వారే తెచ్చుకోవాలి, ఆపినవారిని కంపెనీ మెచ్చుకోవాలి.

కంపెనీ ప్రధాన కార్యాలయం 1961లో డాలస్‌కు, 2003లో హ్యూస్టన్‌కు మారింది. డంకన్ పట్టణంలో ఎర్ల్ విగ్రహం ఉంది. డాలస్ నుంచి కారులో కొన్ని గంటల ప్రయాణం. అటువైపు వెళ్లినప్పుడు ఆగి చూడొచ్చు. చమురు రంగంలో పనిచేసే ఇంటి పిల్లలకు, అమ్మానాన్నలు రాత్రి దాకా ఏ కాగితాలతో కుస్తీ పడతారో చెప్పడానికి అదొక మంచి చోటు.