హోదాను పక్కన పెట్టిన క్లౌ దొర

మన చంద్రగిరి నుంచి తిరుపతి పోయి, గూడూరు, నెల్లూరు మీదుగా రైలెక్కితే ఒంగోలు వస్తుంది. నూట యాభై ఏళ్ళ కిందట అక్కడ పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ పేరు క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన మన మిత్రులు కొందరు వినే ఉంటారు. మిగిలినవారు కూడా తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నవయసులోనే భూమి సర్వే పనిలో చేరాడు. పెద్ద లాయరు కావాలని, రాజకీయాల్లో పేరు తెచ్చుకోవాలని ఆయన కోరిక. కాలేజీలో చదివేటప్పుడు మనసు మారి బాప్టిస్టు మిషన్‌లో చేరాడు. 1865లో మన దేశానికి వచ్చి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో భార్య హ్యారియెట్‌తో ఒంగోలు చేరాడు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

మొదట్లో ఆయన ఆశ పెద్దకులాల మీదనే. వాళ్ళు వస్తే కిందివాళ్ళు వాళ్ళ వెనకే వస్తారని అప్పటి మిషనరీలు చాలామంది నమ్మేవారు. ఒంగోలు పెద్దలు కూడా ఆయనతో బాగానే ఉన్నారు. తమ పిల్లలకు బడి పెట్టమన్నారు, ఆయన పెట్టాడు. అంతలో మాదిగ సోదరులు బాప్తిస్మం కోసం వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేము మీ గడప తొక్కము అని పెద్దలు తేల్చి చెప్పారు.

దొరకు ఏమీ తోచలేదు. బైబిలు తెరిస్తే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం కనిపించింది. లోకం తక్కువగా చూసినవారినే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగమది. వేరే గదిలో భార్య తెరిచినా అదే పుట వచ్చిందని వారి జీవిత చరిత్ర చెబుతుంది. దీన్ని మహిమ అనుకున్నా, యాదృచ్ఛికం అనుకున్నా మీ ఇష్టం. ఆ తర్వాత ఆయన చేసిన పనే నాకు ముఖ్యం. మాదిగలను చేర్చుకున్నాడు. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. పట్టణంలో తనకు దొరకబోయిన గౌరవాన్ని తన చేత్తోనే పోగొట్టుకున్నాడు.

అయితే ఈ కథలో అసలు పెద్దమనిషి యర్రగుంట్ల పేరయ్య అని నా అభిప్రాయం. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు. ఊరూరా నడిచి తన బంధువులకు చెప్పింది ఆయనే. చేరినవారికి నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టము, ఆదివారం చాకిరికి రాము అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? ఎందరో దెబ్బలు తిన్నారు.

1876–78లో పెద్ద కరువు వచ్చింది. క్లౌ తన పాత సర్వే విద్యతో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పనికి మేస్త్రీలు ఎవరనుకున్నారు? ఆయన బోధకులే, అంటే నిన్నటి దాకా ఊరి బయట ఉన్నవారు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగినా, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. తన పేరు మోగాలనుకునేవాడైతే అలాంటి రోజున ఒడ్డున నిలబడి ఉంటాడా? ఈ రోజుల్లో ప్రారంభోత్సవ శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలని కొట్లాడుకునే సంఘ పెద్దలను చూస్తుంటే ఆ ఒడ్డు గుర్తుకు వస్తుంది. అయినా ఆయన దొరగానే బతికాడు, దొర అనే పిలిపించుకున్నాడు. అది కూడా చెప్పకపోతే సగం నిజమే అవుతుంది.

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన చెబుతుండగా రెండో భార్య ఎమ్మా రాసిన ఆత్మకథ 1914లో అచ్చయింది. పేరయ్య నడిచిన ఊళ్ళ సంగతులు అందులో చాలా ఉన్నాయి.