భద్దా కుండలకేశి: చోరపపాతం దాటి వచ్చిన థేరి

 

ధమ్మ బంధువులారా, ఈసారి మీకు ఒక థేరి జీవితం చెప్పుకుందాం. పేరు భద్ద. తర్వాత్తర్వాత కుండలకేశి అన్నారు, అంటే ఉంగరాల జుట్టు ఆమె అని. భిక్ఖునుల్లో అందరికంటే వేగంగా ధమ్మాన్ని గ్రహించింది ఈమేనని తథాగతుడే ఆమెను ముందు వరసలో నిలబెట్టినట్టు అంగుత్తర నికాయంలో ఉంది.

మనం ఆమె గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా చివరి భాగమే చెప్తాం. సారిపుత్తుడితో వాదం, అర్హత్తు కావడం. మొదటి భాగం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. ఎందుకంటే అందులో ఆమె ఒకణ్ణి ప్రాణంగా ప్రేమించింది, వాడే ఆమె ప్రాణం తియ్యబోయాడు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, ఈ చిన్న పుస్తకాన్ని మీరు తలుపు వేసుకుని చదువుకోవలసి వస్తే, ఆ మొదటి భాగం మీ కోసమే.

భద్ద రాజగహలో, అంటే ఇప్పటి బిహార్‌లోని రాజ్‌గిర్‌లో, ఒక శ్రేష్ఠి కూతురు. గారాబంగా, మేడ దిగనివ్వకుండా పెంచారు. ఒకరోజు వీధిలో సత్తుకుడు అనే దొంగని కొట్టుకుంటూ వధ్యస్థలానికి తీసుకెళ్తున్నారు. వాడేమీ దిక్కులేనివాడు కాదు, రాజపురోహితుడి కొడుకు. భద్ద కిటికీలోంచి చూసింది, మనసు పడింది. వాడు లేకపోతే బతకనని అన్నం మానేసి మంచం పట్టింది. తండ్రి చేసేది లేక రాజభటుడికి వెయ్యి కహాపణాలు లంచం పెట్టి వాణ్ణి విడిపించాడు. వాడి బదులు ఇంకొకణ్ణి చంపి, రాజుకి పని అయిపోయిందని కబురు పెట్టారని ధమ్మపద అట్ఠకథ చెప్తుంది. ఆ ఇంకొకడి పేరు ఎక్కడా లేదు. డబ్బున్నవాళ్ల ప్రేమకి పేరులేనివాళ్ల మెడలు తెగడం అప్పుడూ ఉంది.

పెళ్లయింది. భద్ద ఒంటినిండా నగలు పెట్టుకుని, స్వయంగా వండి వడ్డించి వాణ్ణి చూసుకుంది. మీకు తెలిసే ఉంటుంది, ప్రేమించిన మనిషిని మనమే మార్చగలం అనుకుంటాం. దొంగతనం వాడి స్వభావం కాదు, వాడి పరిస్థితి అనుకుంటాం. ఆమె కూడా అలా అనుకుని ఉంటుందని నేను ఊహిస్తున్నాను, కథలో లేదు. కథలో ఉన్నదల్లా ఇది: కొద్దిరోజులకే వాడి కన్ను ఆమె మీద కాకుండా ఆమె నగల మీద పడింది. తిండి మానేసి ముఖం మాడ్చుకుని పడుకున్నాడు. భద్ద కంగారు పడింది. తన అమ్మానాన్నల వల్ల ఏదైనా లోటు జరిగిందా అని అడిగింది. చూశారా, అలిగింది వాడు, తప్పు వెతుక్కుంటున్నది ఆమె.

చావు తప్పితే బలి ఇస్తానని కొండదేవతకి మొక్కుకున్నానని వాడు చెప్పాడు. ఆమె నమ్మింది, పరమాన్నం వండించింది, ఉన్న నగలన్నీ పెట్టుకుని బయల్దేరింది. ఆ కొండ పేరు చోరపపాతం. ఒకవైపు నుంచి ఎక్కవచ్చు, రెండోవైపు నిట్టనిలువు లోయ. దొంగల్ని అక్కడి నుంచే తోసేవాళ్లట. రాజగహలో రమ్యమైన చోట్లు చెబుతూ తథాగతుడు ఆనందుడికి ఈ చోటు పేరు కూడా చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. చూడ్డానికి అందమైన చోటే.

కొండ మొదట్లో వాడు పరివారాన్నంతా వెనక్కి పంపేశాడు. పైకెక్కుతుంటే వాడి మాటలో ప్రేమ జాడ లేదని ఆమె గమనించింది. పైన నగలు వలిచి మూటకట్టమన్నాడు. తన తప్పేమిటని అడిగింది. బలీ లేదు, మొక్కూ లేదు, నగల కోసమే తెచ్చానన్నాడు. నగలు నీవే, నేనూ నీదాన్నే కదా అని బతిమాలింది. వదిలితే అమ్మానాన్నలకి చెప్తావని ఒప్పుకోలేదు.

ఇక్కడ కాస్త ఆగుదాం. కొండ అంచున నిలబడి కూడా ఆమె వాణ్ణి ఒప్పించాలనే చూసింది. అందుకు ఆమెను వెర్రిది అనకండి. మనసిచ్చినచోట మనిషి అంత తొందరగా నమ్మకం వదులుకోదు. వాడు కొట్టిన రాత్రి ఏడ్చి, పొద్దున వాడికి ఇష్టమైన కూర వండే ఆడవాళ్లు మన పేటల్లో ఎంతమంది లేరు? ప్రేమ పోలేదని సిగ్గుపడక్కర్లేదు. ప్రేమ ఉన్నా ప్రమాదం ప్రమాదమే. భద్ద ఆ రెండింటినీ ఒక్కసారే చూసింది. తెలివి వండుకు తినడానికి కాదు కదా అనుకుంది.

ఆఖరిసారి నగలతోనే కౌగిలించుకోనిమ్మని అడిగింది. వాడు సరేనన్నాడు. ముందు నుంచి కౌగిలించుకుంది. వెనక నుంచి కౌగిలించుకుంటున్నట్టు వెళ్లి లోయలోకి తోసేసింది.

పంచశీల తీసుకున్నవాళ్లం, ఇది చదివి ఇబ్బంది పడతాం. పడాలి కూడా. కథ ఆ తోపుని దాచలేదు, దాన్ని శీలం అని కూడా చెప్పలేదు. తర్వాత భిక్ఖువులు దొంగని గెలిచి వచ్చిన భద్ద అని మాట్లాడుకుంటే, బయటివాణ్ణి గెలవడం కాదు, తనని తాను గెలవడమే గొప్ప అని బుద్ధుడు సరిదిద్దినట్టు ఉంది. కానీ ఆ చచ్చేది తానే అయ్యుండాల్సిందని, సహనంతో చచ్చిపోయి పతివ్రత అనిపించుకోవాల్సిందని ఆయన ఒక్కమాట అనలేదు. ఖంతిని, మెత్తాని దెబ్బలు తినడానికి వాడుకోమని ధమ్మంలో లేదు. మన పెళ్లిళ్లలో భంతే వినిపించే సిగాలోవాద సుత్తం గుర్తు చేసుకోండి. భార్యపట్ల భర్తకి ఐదు బాధ్యతలు: గౌరవించడం, కించపరచకపోవడం, దాటిపోకపోవడం, ఇంటి పెత్తనం అప్పగించడం, నగలివ్వడం. సత్తుకుడు ఆ ఐదో దాన్ని తిరగేసి చదివాడు.

భద్దకి చోరపపాతం మీద ఆదుకునే మనిషి లేడు, చట్టం లేదు. మీకు ఉన్నాయి. 1942 జూలై 20న నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహిళా మహాసభలో, పెళ్లయినామె భర్తకి స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలని, బానిసగా ఉండటానికి ఒప్పుకోకూడదని బాబాసాహెబ్ చెప్పాడు. హిందూ కోడ్ బిల్లుని ఆపేస్తే 1951లో మంత్రి పదవి వదిలేసిన కారణాల్లో అదొకటి. 2005 గృహహింస చట్టం ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లకి కూడా. కొట్టడమే కాదు, తిట్లు, డబ్బు చేతికివ్వకుండా కట్టడి చెయ్యడం కూడా అందులో హింసే. కలిసి ఉన్న ఇంట్లోంచి మిమ్మల్ని గెంటేయకుండా మేజిస్ట్రేటు దగ్గర ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. 181కి ఫోను చేస్తే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. అప్పటికప్పుడు ప్రాణం మీదికొస్తే 112.

ఇంకోమాట. నీ సంగతి నాకు తెలిసిపోయింది అని భద్ద వాడి మొహం మీద అనలేదు. వెళ్లిపోదామనుకుంటున్నామని మీరూ ముందుగా అతనికి చెప్పకండి. ఆ మాట విన్నప్పుడే చాలామంది చెయ్యి లేస్తుంది. నమ్మకమైన ఒక్కరికి చెప్పుకోండి, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల కాగితాలు వాళ్ల దగ్గర పెట్టండి.

మళ్లీ కథలోకి. కొండ దిగిన భద్ద ఇంటికి పోలేదు. ఎందుకంటే వాడు నన్ను చంపబోయాడు అంటే ఇంట్లో నమ్మరు, నేనే తోశాను అంటే, ఏడ్చి తెచ్చుకున్న మొగుణ్ణి తినేశావా అని మాటలతో పొడుస్తారు. నాకు ఈ కథంతటిలో కొండ కంటే ఇదే భయం వేస్తుంది. కన్న ఇల్లు ఉండి పోలేకపోవడం. ఇది మగవాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏప్రిల్ 14న వేదిక మీద నీలి కండువాతో మాట్లాడే అన్న ఇంట్లో చెయ్యి చేసుకుంటాడని అతని భార్య వచ్చి చెప్తే, మనం నమ్ముతామా? ఉద్యమం పేరు పోతుందని సర్దుకుపొమ్మంటామా?

భద్ద నగలు వదిలేసి నిగంఠుల సంఘంలో చేరింది. తల వెంట్రుకలు పీకేశారు, అవి ఉంగరాలుగా మళ్లీ మొలిచాయి. శాస్త్రాలు నేర్చుకుని ఊరూరా తిరిగింది. ఊరి వాకిట్లో ఇసక కుప్ప పోసి నేరేడు కొమ్మ గుచ్చేది. వాదానికి సిద్ధమైనవాళ్లు తొక్కాలి. ఏళ్ల తరబడి ఎవరూ గెలవలేదు. మేడ దిగనివ్వని పిల్ల ఆమె, గుర్తుంచుకోండి.

సావత్థిలో సారిపుత్తుడు పిల్లలచేత ఆ కొమ్మ తొక్కించాడు. ఆమె అడిగినవన్నీ చెప్పి, ఆయన ఒక్కటే అడిగాడు, ఒకటి అంటే ఏమిటని. ఆమెకి తెలియలేదు. తెలియదని ఒప్పుకుని నేర్పమంది. ఆయన తథాగతుడి దగ్గరికి పంపాడు. ఆయన రమ్మని పిలిచాడు. ఆ పిలుపే ఆమెకి ఉపసంపద. గతమేమిటని ఎవరూ గుమ్మం దగ్గర ఆపలేదు.

థేరీగాథల్లో ఆమెవి ఐదు గాథలున్నాయి. వాటిలో సత్తుకుడి ఊసే లేదు. అప్పట్లో తనకి తప్పొప్పులు తారుమారుగా కనిపించేవని ఒప్పుకుంది. అంగ, మగధ, వజ్జి, కాశీ, కోసలల్లో యాభై ఏళ్లు ఎవరికీ బాకీ పడకుండా భిక్ష తిన్నానంది. చివరి గాథ తన గురించి కాదు. భద్దకి ఒక చీవరం ఇచ్చిన ఉపాసకుణ్ణి అందులో మెచ్చుకుంది.