వాద్యాలను సముద్రాలు దాటించిన సౌరీంద్ర మోహన్ ఠాగూర్

పనస దుంగను ఒకే ముక్కగా తొలిచిన బొబ్బిలి వీణ కావచ్చు, హవాయి దీవుల కోవా కొయ్యతో చేసిన చిన్న ఉకులేలే కావచ్చు. పాత వాద్యాన్ని సేకరించేవారు దాని వయస్సును, చేసినవారి పనితనాన్ని చూసి వెల కడతారు. భారతదేశంలో వాద్యాలను ఈ దృష్టితో పెద్ద ఎత్తున సేకరించి, నిపుణుల చేత ప్రత్యేకంగా చేయించి, దేశదేశాలకు పంపినవారిలో అగ్రగణ్యుడు రాజా సౌరీంద్ర మోహన్ ఠాగూర్.

ఆయన 1840లో కలకత్తాలోని పథూరియాఘాటా ఠాగూర్ల ఇంట జన్మించారు. జోరాసాంకో శాఖకు చెందిన రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు ముందు ఈ శాఖ పేరు నేడు కొంత మరుగున పడింది గానీ, ఆ రోజుల్లో సంపదలోను, సంగీత పోషణలోను దీనిదే పైచేయి. క్షేత్రమోహన్ గోస్వామి వద్ద సౌరీంద్ర మోహన్ శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. 1871లో బెంగాల్ సంగీత పాఠశాలను స్థాపించారు. భారతీయ వాద్యాలను వివరిస్తూ బెంగాలీలో రచించిన ‘యంత్రకోశ’ 1875లో వెలువడింది.

ఆయన చేసిన పనుల్లో చిరకాలం నిలిచినది మరుసటి ఏడాది జరిగింది. 1876లో ఆయన బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్‌కు సుమారు వంద భారతీయ వాద్యాలను కానుకగా పంపారు. బెల్జియం ప్రభుత్వం అంతకుముందే సంగీత పండితుడు ఫెటిస్ సేకరించిన వాద్యాలను కొనుగోలు చేసి ఉంచింది. ఆ రెండు సేకరణలే పునాదిగా 1877లో బ్రస్సెల్స్ సంగీత కళాశాలకు అనుబంధంగా వాద్య ప్రదర్శనశాల ఏర్పడింది. దాని తొలి సంరక్షకుడు విక్టర్ షార్ల్ మాయోన్ స్వయంగా వాద్యాలు తయారుచేసే కుటుంబానికి చెందినవాడు.

వీణలు, మృదంగాలు, తాళాలు, వేణువులు ఒక్కచోట చేరేసరికి ఆయనకు చిక్కు వచ్చిపడింది. ఐరోపా వాద్యబృందాల కోసం ఏర్పడిన విభజనలో వీటిలో చాలావాటికి చోటు దొరకదు. ధ్వని ఏ పదార్థం నుంచి పుడుతుందన్న ప్రాతిపదికపై మాయోన్ వాద్యాలను నాలుగు వర్గాలుగా విభజించి 1880లో సూచిక తొలి సంపుటాన్ని ప్రచురించారు. తత, సుషిర, అవనద్ధ, ఘన వాద్యాలని భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన విభజన కూడా సరిగ్గా ఇదే. ఠాగూర్ కానుక, ఆయన రచనలు ఈ ఆలోచనకు దారి చూపాయని పలువురు పరిశోధకులు భావిస్తారు.

ఠాగూర్ ఉదారతకు మరో కోణమూ ఉంది. కానుకలు వెళ్లినచోట నుంచి పతకాలు, బిరుదులు తిరిగివచ్చేవి. వాటిని ఆయన ఇష్టంగానే స్వీకరించారు. విక్టోరియా రాణిని కీర్తిస్తూ ‘విక్టోరియా గీతిక’ కూర్చారు. 1880లో రాజా బిరుదు పొందారు. దీన్నిబట్టి ఆయనను కేవలం ప్రభుభక్తుడిగా లెక్కకట్టడం తొందరపాటు అవుతుంది. భారతీయ సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలోనే రాయాలని విద్యాశాఖ అధికారి సి.బి. క్లార్క్ వాదించినప్పుడు, ఆ లిపి మన సంగీతానికి సరిపోదని 1874లో అచ్చులోనే ఎదిరించినవాడు ఆయనే. పాలకులను పొగుడుతూనే, సంగీతం విషయంలో మాత్రం వారి మాటకు తలొగ్గలేదు.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌కు కూడా ఆయన వాద్యాలు చేరాయి. కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలోనూ ఆయన ఇచ్చిన వాద్యాలు ఉన్నాయి. 1896లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు సంగీతంలో గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది.

సౌరీంద్ర మోహన్ ఠాగూర్ 1914లో కన్నుమూశారు. అదే ఏడాది జర్మన్ భాషలో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు పండితులు మాయోన్ పద్ధతిని విస్తరించి కొత్త వాద్య వర్గీకరణను ప్రకటించారు. ప్రపంచంలోని ప్రదర్శనశాలలు నేటికీ విస్తృతంగా అనుసరించేది దానినే. అందులో వీణకు, ఉకులేలేకు ఒకే వర్గంలో, తంత్రీ వాద్యాల కింద స్థానం లభించింది.