పైపు ఎందుకు పగులుతుందో లెక్క తేల్చిన జుకోవ్‌స్కీ

నాగావళి, వంశధార ఎత్తిపోతల కింద గేట్‌వాల్వు ఒక్కసారిగా కట్టేస్తే పైపు అదిరి జాయింటు ఊడడం మీరు చూసే ఉంటారు. ఆ దెబ్బకు లెక్క తేల్చిన శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ.

ఈయన 1847లో రష్యాలో ఒక ఇంజనీరు ఇంట పుట్టారు. 1868లో మాస్కో విశ్వవిద్యాలయంలో చదువు ముగించి అధ్యాపకుడయ్యారు. ఆ నగరంలో మంచినీటి పైపులు పగులుతుంటే, 1897-98లో 2, 4, 6 అంగుళాల పైపులు వేయించి పరీక్షలు చేశారు. పారే నీటిని టక్కున ఆపితే ఒత్తిడి అలలా వెనక్కి పరుగెడుతుందని తేల్చారు. ఇనుప పైపులో ఆ అల వేగం సెకనుకు సుమారు 1000 మీటర్లు. సెకనుకు 1 మీటరు వేగంతో పారే నీరు ఒక్కసారిగా ఆగితే, దాదాపు 100 మీటర్ల ఎత్తు నీటి బరువంత ఒత్తిడి అదనంగా పడుతుంది. చివర మూసిన కొమ్మ పైపులో అది రెట్టింపు దాకా పెరగవచ్చు. తర్వాత విమాన శాస్త్రానికి పునాదులు వేసి, 1921లో కన్నుమూశారు.

పీవీసీ పైపులో దెబ్బ తక్కువే, కానీ దాని బలమూ తక్కువే. అందుకే వాల్వు నెమ్మదిగా తిప్పి కట్టండి. ముందు రెండో మడి లైను తెరవండి, ఆ తర్వాతే మొదటిది మూయండి. మూసిన చివరల దగ్గర సిమెంటు దిమ్మ కట్టించండి. చేను తడి మధ్యలో పైపు పగిలితే నష్టం పంటకే.