పిల్లల పళ్ల ఆసుపత్రి నుంచి తొలి దంత కళాశాల దాకా: డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్



డిసెంబర్ 24న మన దేశంలో జాతీయ దంత వైద్యుల దినోత్సవం జరుపుకుంటాం. అది భారత ఆధునిక దంత వైద్య పితామహుడిగా పేరొందిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పుట్టినరోజు.

ఆయన 1890లో నేటి బంగ్లాదేశ్ ప్రాంతంలో జన్మించారు. అలీగఢ్‌లో చదువుకుని అమెరికా వెళ్లి, 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి దంత వైద్య పట్టా పొందారు. ఆ తర్వాత 1918 వరకు బోస్టన్‌లోని ఫోర్సిత్ డెంటల్ ఇన్‌ఫర్మరీలో పనిచేశారు. అది ప్రత్యేకంగా పిల్లల కోసమే కట్టిన దంత వైద్యశాల. పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అని వదిలేయకుండా, వాటికోసం ఒక పెద్ద భవనమే కట్టిన చోట ఆయన వృత్తి జీవితం మొదలైంది.

1919లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి ఇక్కడ దంత వైద్యం నేర్పే కళాశాల ఒక్కటీ లేదు. సొంత ప్రాక్టీసుతో సుఖంగా బతికే అవకాశం ఉన్నా, 1920లో కలకత్తాలో దేశంలోనే తొలి దంత కళాశాలను ప్రారంభించారు. దాని ఖర్చుల కోసం ఆయన నడిపిన వ్యాపారం ఏమిటో తెలుసా? న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే శీతల పానీయాల దుకాణం! తీపి పానీయాలు అమ్మిన డబ్బు, పళ్లను కాపాడే చదువుకు పెట్టుబడి అయింది.

1925లో ఇండియన్ డెంటల్ జర్నల్‌ను ప్రారంభించి చాలా ఏళ్లు సంపాదకత్వం వహించారు. 1928లో విద్యార్థుల కోసం పాఠ్యగ్రంథం రాశారు. శిక్షణ లేనివారు పళ్లకు వైద్యం చేయకుండా చట్టం ఉండాలని పాటుపడ్డారు. 1939లో బెంగాల్‌లోనూ, 1948లో దేశమంతటికీ దంత వైద్యుల చట్టాలు వచ్చాయి. 1949లో తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. ఆ రాష్ట్రంలో మంత్రిగానూ సేవలందించారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆ కళాశాల నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఆయన కాలంలో చూపించడానికి వైద్యులే కరువు. ఈనాడు దాదాపు ప్రతి పట్టణంలోనూ డెంటల్ క్లినిక్ ఉంది. అయినా చాలామంది పిల్లలు అక్కడికి మొదటిసారి వెళ్లేది పిప్పిపన్ను నొప్పితో ఏడ్చినప్పుడే. పాలపళ్లు మొత్తం 20. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడినా, దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పళ్లు వంకరగా వస్తాయి. నొప్పి ఉన్న పిల్లలు సరిగా తినలేరు, నిద్రపోలేరు, పాఠం మీద మనసు పెట్టలేరు.

ఇంట్లో ఇవి పాటించండి:

• మొదటి పుట్టినరోజులోపే ఒకసారి దంత వైద్యుడికి చూపించండి. ఆ తర్వాత ఆయన చెప్పిన వ్యవధిలో తీసుకెళ్లండి.

• ఉదయం, రాత్రి బ్రష్ చేయించండి. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వారికి బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పక్కనే ఉండి సాయం చేయండి.

• రాత్రి బ్రష్ చేశాక మంచినీళ్లు తప్ప పాలు, బిస్కెట్లు వద్దు. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చవద్దు.

• తీపి ఎంత తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యం. చాక్లెట్ ఇస్తే భోజనంతో పాటే ఇవ్వండి.

• ఆరేళ్ల ప్రాంతంలో, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనుక కొత్త దవడ పళ్లు వస్తాయి. అవి శాశ్వత దంతాలు. పాలపళ్లేననుకుని అశ్రద్ధ చేయకండి. వాటికి సీలెంట్ పూత అవసరమా అని వైద్యుడిని అడగండి.

ఈ సెలవుల్లో ఒక సాయంత్రం పిల్లలకు డాక్టర్ అహ్మద్ కథ చెప్పండి. తర్వాత నోరు తెరవమని, ఆ వెనుక పళ్లను మీరే ఒకసారి వెలుతురులో చూడండి. నల్లని మచ్చ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగవద్దు.