పాల్ ఎర్లిఖ్

పూర్వము ప్రష్యా రాజ్యములో నుండి, నేడు పోలెండు దేశమున చేరియున్న స్ట్రేలెన్ అను చిన్నపట్టణమున, 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన పాల్ ఎర్లిఖ్ ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆతని తల్లివైపు బంధువగు కార్ల్ వైగెర్ట్ వైద్యశాస్త్రజ్ఞుడు. శరీరభాగముల పలుచని ముక్కలకు అద్దకపు రంగులు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచు విద్య ఎర్లిఖ్‌నకు ఆయనవలననే పరిచయమయ్యెను. అది మొదలు రంగులయందలి మక్కువ ఆతనిని విడువలేదు.

ఒక సంగతి ఆతనికి వింతగా తోచెను. ఏ రంగును అన్ని కణములకు సమానముగా అంటదు. ఒకటి నరములను పట్టుకొనును. వేరొకటి నెత్తుటిలోని ఒక తెగ కణములను మాత్రమే పట్టుకొనును. అట్లయినచో ఆ కణములలో ఆ రంగును పట్టి నిలుపు చోటేదియో ఉండవలెను గదా!

1878లో వైద్యపట్టము పొంది, ఎర్లిఖ్ బెర్లిన్‌లోని షారిటే వైద్యశాలలో ఫ్రేరిక్స్ అను ప్రసిద్ధ వైద్యునికడ చేరెను. ఫ్రేరిక్స్ మధుమేహమును గూర్చి విశేషముగా కృషి చేసినవాడు. శరీరము చక్కెరను దాచుకొను రూపమునకు గ్లైకోజెను అని పేరు. మధుమేహరోగుల శరీరమున నది యెచ్చట నిలుచునో ఎర్లిఖ్ పరిశీలించి 1883లో ప్రకటించెను. ఆ దినములలో ఆ వ్యాధికి మందు లేదు. పసివారికి సోకినచో వైద్యులు చూచుచు నూరకుండుటయే!

క్షయక్రిములకు రంగు పట్టించు మేలైన పద్ధతిని కనుగొనిన ఎర్లిఖ్‌నకే క్షయ సోకెను. 1888లో ఈజిప్టునకు పోయి, ఆరోగ్యము కుదుటబడిన పిదప తిరిగివచ్చి, కంఠసర్పికి ప్రతివిషము సిద్ధపరచుటలో బేరింగునకు తోడ్పడెను. విషము కణమును బాధింపవలెనన్న, తాళమునకు చెవివలె అందమరు భాగము కణముపై నుండవలెనని ఆతడు సిద్ధాంతీకరించెను. ఆ భాగమే గ్రాహకము.

అయినను మందుల విషయమున ఆతడు చాలకాలము సందేహించెను. అనేక ఔషధములు కణములనుండి సులభముగా కడిగివేయబడును. గట్టిగా నంటని వానికి గ్రాహకమేల యని ఆతని తర్కము. ఇంతలో 1905లో ఇంగ్లండున లాంగ్లీ అను శాస్త్రజ్ఞుడు, కండరముపై నికోటిను, కురారె అను పదార్థములు పనిచేయు తీరును పరీక్షించి, వానిని గ్రహించు పదార్థము కణమందే కలదని చాటెను. ఎర్లిఖ్ ప్రయోగశాలలోను ఒక తెగ మందునకు లొంగని క్రిములు వేరొక తెగ మందునకు లొంగుచుండెను. 1907 నాటికి ఆతడు తన పట్టు విడిచి, మందులకును గ్రాహకములు గలవని యంగీకరించెను. ప్రసిద్ధి కెక్కినవారికి ఇది యంత సులభము కాదు.

1908లో ఆతనికి, మెచ్నికాఫ్‌నకు నోబెలు బహుమానము లభించెను. క్రిమిని మాత్రమే పట్టుకొని, రోగిని విడిచిపెట్టు మందు కావలెనని ఎర్లిఖ్ ఆశయము. దినమునకు ఇరువదియైదు చుట్టలు కాల్చుచు, కనబడిన కాగితమునెల్ల సూత్రములతో నింపుచు ఆతడు శ్రమించెను. 1909లో జపాను దేశీయుడగు హాటా, అంతకుముందు పనికిరాదని త్రోసివేయబడిన 606వ పదార్థమును మరల పరీక్షింపగా, సిఫిలిసు క్రిములు నశించెను. 1910లో నది సాల్వర్సాన్ అను పేర వెలువడెను. అది పాషాణము చేరిన మందు. దానివలన కొందరికి హాని కలిగినమాట నిజమే. కాని స్వలాభమునకై రోగులను బలిగొనెనను నింద అన్యాయము. 1914లో ఫ్రాంక్‌ఫర్టు న్యాయస్థానము నిందకునికి కారాగారశిక్ష విధించెను. మరుసటియేట ఆగస్టు 20వ తేదీన ఎర్లిఖ్ మరణించెను.

ఆరేండ్లకు, 1921లో, టొరాంటో నగరమున ఇన్సులిను వెలికివచ్చెను. కణముపై దానిని పట్టుకొను గ్రాహకము 1971లో ప్రయోగములవలన రుజువయ్యెను. పిదప మధుమేహవైద్యులు ఇతర గ్రాహకములను వెదకిరి. అమెరికా ఎడారులందలి గిలా అను విషపుబల్లి లాలాజలమున దొరకిన పదార్థము ననుసరించి చేసిన ఎక్సెనటైడు అను మందు 2005లో అచ్చట అనుమతి పొందెను. అది క్లోమకణములపై నున్న ఒక గ్రాహకమును పట్టుకొని, నెత్తుట చక్కెర హెచ్చినపుడు ఇన్సులినును స్రవింపజేయును.